దొంగ నొప్పులు

బట్టల కంపెనీలో ఆడవాళ్ళ గేటు దగ్గర, తెర వెనక నిలబడి వచ్చేపోయేవాళ్ళని తడిమి చూసే ఆవిడని అందరూ స్కానరమ్మ అంటారు. ఇరవై రెండేళ్ళుగా ఆవిడకి అదే పని. మధ్యలో ఒకసారి కంపెనీవాళ్ళు నిజం స్కానర్ ఒకటి కొనుక్కొచ్చి పెట్టారు గానీ, అది పిన్నీసుకీ కత్తెరకీ ఒకేలా కూసేది. మూడు నెలలకి దాన్ని మూలన పడేసి మళ్ళీ ఆవిడ చేతులనే నమ్ముకున్నారు. ఆ సంగతి తనంతట తాను ఎవరికీ చెప్పుకోదు. ఎవరైనా చెబుతుంటే మాత్రం ఆపదు.

ఆవిడ పద్ధతి ఎప్పుడూ ఒకటే. చేతులు పైకెత్తమంటుంది. ముందు జుట్టు ముడి, తరవాత కాలరు, చంకలు, నడుము. ఆఖరికి చెప్పులు విప్పించి, తను కింద కూర్చుని చీలమండలూ పాదాలూ చూస్తుంది. పొద్దున లోపలికి వెళ్ళేవాళ్ళ దగ్గర ఫోన్లు, అగ్గిపెట్టెలు వెతకాలి. సాయంత్రం బయటికి వచ్చేవాళ్ళ దగ్గర లేబుళ్ళు, బొత్తాలు, దారపు కండెలు. సంచీ చూడటం అయ్యాక దాని మీద నీలం సుద్దతో అడ్డంగా గీత గీసి, పక్కన టైము వేస్తుంది. మొహం ఎన్ని వేషాలైనా వేస్తుంది గానీ పాదం వెయ్యలేదని ఆవిడ నమ్మకం. అరికాలి మీద వేలు ఆనిస్తే, దాచిన మనిషిదైనా దాచని మనిషిదైనా కాలు ముడుచుకుని తీరుతుంది. ఎంత గబుక్కున ముడుచుకుంది, ఎంతసేపటికి సర్దుకుంది అన్నదాన్నిబట్టి ఆవిడ మనిషిని అంచనా వేసేస్తుంది.

ఆ రోజు వరసలో పన్నెండో మనిషి ఆవిడ కోడలు. కాలర్ల సెక్షన్లో కుడుతుంది. ఎనిమిదో నెల కడుపు మీద ఏప్రన్ బొత్తాలు పట్టక కింది రెండూ వదిలేసి కట్టుకుంది. ఆ పిల్లని ఉద్యోగంలో పెట్టించింది స్కానరమ్మే. అందుకే మిగతావాళ్ళని ఒకసారి తడిమితే కోడల్ని రెండుసార్లు తడుముతుంది. అత్తాకోడళ్ళు కలిసి కంపెనీని దోచేస్తున్నారని ఎవరూ అనకూడదు కదా.

"చేతులు పైకి," అంది.

కోడలు చేతులెత్తింది. నడుము దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్ల ఒళ్ళు ఒక్కసారి బిగుసుకుంది.

"అత్తయ్యా, వీపులో ఏదో పుటుక్కుమంది."

"ఎక్కడ?"

"రెండు రెక్కల మధ్య. మంట. కత్తి పెట్టి తిప్పుతున్నట్టుంది." చెంపలు తెల్లబడ్డాయి. పై పెదవి మీద చెమట పట్టింది.

స్కానరమ్మ ఆ చెమట చూసింది. చూసి, నిన్న సాయంత్రం సంగతి గుర్తు చేసుకుంది. కోడలు ఈ వారం నుంచే సెలవు కావాలని అడిగింది. సరుకు బయలుదేరే దాకా కుదరదని ఫ్లోర్ మేడం కొట్టిపారేసింది. రాత్రి భోజనం దగ్గర ఆ పిల్ల సరిగ్గా తినలేదు. పొద్దున్నే వీపులో కత్తి తిరుగుతోంది. లెక్క సరిపోయింది.

"కోడలికి వేరే గేటు పెట్టించండి, మేం ఎంతసేపు నిలబడాలి," అని వెనకనుంచి కాజాలు కుట్టే మనిషి గొణిగింది. వరసలో నలుగురు నవ్వారు.

ఆ నవ్వు స్కానరమ్మకి గుచ్చుకుంది. ఇరవై రెండేళ్ళలో ఆవిడని చూసి వరసలో ఎవరూ నవ్వలేదు. కోడలి సంచీ లాక్కుని, గీత గీసి, పక్కన ఎనిమిదీ ఇరవై అని వేసింది.

"లోపలికి నడు. కూర్చుంటే అదే సర్దుకుంటుంది. ఒళ్ళు దాచుకోవాలనుకుంటే నా గేటులో కుదరదు."

కోడలు ఒక చేత్తో గోడ పట్టుకుని లోపలికి వెళ్ళింది. నడక కూడా కొంచెం ఎక్కువ చేస్తోందని స్కానరమ్మకి అనిపించింది.

*

పదిన్నరకి లోపలినుంచి కబురొచ్చింది. కోడలు మిషన్ దగ్గర్నుంచి లేవడం లేదట.

స్కానరమ్మ వెళ్ళేసరికి కాలర్ల సెక్షన్లో మిషన్లన్నీ ఆగి ఉన్నాయి. జరిగింది పక్క మిషన్ ఆమె చెప్పింది. కోడలి కుడికాలు పెడల్ మీద అలాగే ఉండిపోయిందట. కాలరు అయిపోయినా మిషన్ ఆగలేదు, కింద గుడ్డ లేక ఉత్త ఇనప పళ్ళ మీద గడగడా కొట్టుకుంటూ పోయి సూది విరిగింది. "నిద్రపోతున్నావా," అని ఫ్లోర్ మేడం అరిచిందట. "కాలు తియ్యలేకపోతున్నా మేడం," అందట ఈ పిల్ల. మెకానిక్కు వచ్చి స్విచ్చి కట్టేసి, కాలిని రెండు చేతులతో ఎత్తి పక్కన పెట్టాడట.

ఫ్లోర్ మేడం ఫోన్లో మాట్లాడుతోంది. "అవునండీ, ఎనిమిదో నెల. నొప్పులొచ్చాయి. బండిలో పంపిస్తున్నాం."

"నొప్పులు కాదు మేడం," అంది కోడలు కుర్చీలోంచి. "నొప్పి. వీపులో."

ఎవరూ వినిపించుకోలేదు. నొప్పి అంటే ఒంట్లో ఎక్కడైనా కావచ్చు. చివర ఒక్క 'లు' చేరితే అది కాన్పు. ఆ ఒక్క అక్షరంతో బండి ఎటు పోవాలో, ఏ గది తలుపు తెరుచుకోవాలో, ఎవరొచ్చి ఎక్కడ చెయ్యి పెట్టి చూడాలో అన్నీ నిర్ణయమైపోయాయి.

బండిలో కోడలు కాళ్ళు చాపి పడుకుంది. తల స్కానరమ్మ ఒడిలో ఉంది.

"కాళ్ళు తిమ్మిరెక్కాయి అత్తయ్యా."

"కదలకుండా కూర్చుంటే ఎక్కవా?"

"తిమ్మిరి కూడా కాదు. నా కాళ్ళు కానట్టున్నాయి."

స్కానరమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. కడుపుతో ఉన్న పిల్ల, జాలి పడాలి. జాలి వస్తూనే ఉంది. దాని వెనకాలే, ఇంత అబద్ధం ఇంత నిదానంగా ఎలా చెప్పగలుగుతోందన్న ఆశ్చర్యమూ వస్తోంది.

*

కాన్పుల ఆసుపత్రిలో సిస్టర్ ఒకావిడ కడుపు మీద చెయ్యి వేసి పది నిమిషాలు చూసింది. బిడ్డ గుండె వినిపించింది. గుర్రం దౌడులా టకటకా బాగానే కొట్టుకుంటోంది. లోపల పరీక్ష కూడా చేసి, చేతి తొడుగులు తీసేస్తూ తేల్చేసింది.

"దొంగ నొప్పులు."

ఆ మాట స్కానరమ్మకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. దొంగ ఏడుపు ఆవిడకి తెలుసు. దొంగ నిద్ర, దొంగ దగ్గు, దొంగ కుంటి నడక అన్నీ తెలుసు. గేటు దగ్గర ఆవిడ చూడని దొంగతనం లేదు. సిస్టర్ మాత్రం, అసలు కాన్పు ఇంకా మొదలవలేదని చెప్పింది, అంతే. రోజుకి పదిసార్లు అనే మాట అది.

"నేననుకుంటూనే ఉన్నా," అంది స్కానరమ్మ. సిస్టర్ తల ఎత్తి చూసేసరికి మిగతాది కూడా నోట్లోంచి వచ్చేసింది. "కంపెనీలో సెలవు అడిగితే ఇవ్వలేదు. నిన్నటినుంచీ మొహం మాడ్చుకుని ఉంది."

సిస్టర్ అర్థమైనట్టు తలాడించింది. కాగితం మీద ఏదో రాసింది. "మొదటి కాన్పు కదా, భయం. కాసేపు పడుకోబెట్టి పంపించేద్దాం. లేమ్మా, ఆ పక్క మంచం దాకా నడు."

"నడవలేను సిస్టర్."

"నడవకపోతే ఎలా? రేపు కాన్పుకి ఎవరెత్తుకుంటారు?" అంటూనే చక్రాల కుర్చీ తెప్పించింది. "పొద్దున్నించీ ఒంటికి వెళ్ళావా?"

"రావట్లేదు."

"నీళ్ళు తాగు, వస్తుంది."

తెర లాగేసి సిస్టర్ వెళ్ళిపోయింది. మంచం మీద కోడలు కళ్ళు మూసుకుని, పళ్ళు బిగించి ఊపిరి తీస్తోంది. తెర వెనక, ఎదురుగా ఒక ఆడమనిషి. స్కానరమ్మకి ఇంతకన్నా తెలిసిన చోటు ఇంకోటి లేదు. ఇప్పుడే తేల్చేస్తాను అనుకుంది. పట్టుకున్నాక నలుగురిలో పరువు తియ్యకూడదు, మెల్లిగా బుజ్జగించి ఇంటికి తీసుకుపోవాలి అని కూడా అనుకుంది. మంచం కాళ్ళవైపు వెళ్ళి, కోడలు కళ్ళు తెరవకుండా, కుడి అరికాలి మీద చూపుడు వేలితో మడమ నుంచి పైకి గీసింది.

కాలు ముడుచుకోలేదు.

మళ్ళీ గీసింది. ఈసారి గోటితో. ఎడమకాలు కూడా చూసింది. రెండు పాదాలూ మంచం మీద ఎవరో మర్చిపోయి వెళ్ళిన వస్తువుల్లా పడి ఉన్నాయి. జుట్టులోంచి పిన్ను తీసి పొడిచింది. గట్టిగానే పొడిచింది. చర్మం మీద చిన్న ఎర్రటి చుక్క లేచింది. కోడలు కళ్ళు తెరవలేదు.

స్కానరమ్మ ఇరవై రెండేళ్ళలో ఎన్ని వేల పాదాలు పట్టుకుని ఉంటుందో. ముడుచుకోని కాలు ఒక్కటి కూడా లేదు. ఏ దొంగా చెయ్యలేని పని ఇది.

"అమ్మాయీ, నేనేం చేస్తున్నాను?"

"ఏం చేస్తున్నారు?" అంది కోడలు కళ్ళు మూసుకునే.

పిన్నుతో మెల్లగా పైకి పొడుచుకుంటూ వెళ్ళింది. పిక్క. మోకాలు. తొడ సగం దాటాక కోడలు "అబ్బా" అంది. తన ఏప్రన్ జేబులో సుద్ద ఉంది. చెయ్యి దానంతట అదే సుద్ద తీసి, ఆ చోట అడ్డంగా గీత గీసి పక్కన టైము వేసింది. పదకొండూ ఇరవై. అలవాటు. తరవాత కోడలి చెయ్యి పట్టుకుని కూర్చుంది. పావుగంట ఆగి మళ్ళీ పిన్ను తీసింది. నీలం గీత దగ్గర పొడిస్తే కోడలికి తెలియలేదు. జానెడు పైకి వెళ్ళినా తెలియలేదు. తుంటి ఎముక మీదికి వచ్చాకగానీ "అబ్బా" అనలేదు. అక్కడ రెండో గీత గీసింది. పదకొండూ ముప్పై ఐదు.

తెర పక్కకి నెట్టి బయటికి వచ్చింది.

"సిస్టరమ్మా, పెద్ద డాక్టరమ్మని పిలవండి."

"చెప్పానుగా, దొంగ నొప్పులని."

"దొంగ కాదు," అంది స్కానరమ్మ. "దొంగని పట్టుకోవడం నా పని. అక్కడ దొంగ లేదు."

*

డాక్టరమ్మ కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని వచ్చింది. సిస్టర్ మీద ఉన్న నమ్మకంతో కొంచెం విసుగ్గానే వచ్చింది. దుప్పటి తీసి, రెండు నీలం గీతలూ, పక్కన అంకెలూ చూసి ఆగిపోయింది.

"ఇవెవరు గీశారు?"

"నేనే. అక్కడిదాకా తెలియట్లేదు. పావుగంటలో ఇంత పైకి వచ్చింది."

డాక్టరమ్మ చిన్న సుత్తితో మోకాళ్ళ మీద కొట్టింది. బొటనవేళ్ళు పైకీ కిందికీ వంచి ఎటు వంచానో చెప్పమంది. పొత్తికడుపు నొక్కి చూసి, సిస్టర్‌ని పిలిచి వెంటనే గొట్టం వేసి మూత్రం తియ్యమంది. సీసా సగానికి పైగా నిండింది. సిస్టర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. అప్పుడే స్కానరమ్మ కొడుకు వచ్చాడు. సరుకుల బండి నడుపుతాడు. ఎక్కడో సగం దారిలో బండి అప్పగించి పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"వెన్నెముకలో, వెన్నుపాము చుట్టూ ఉండే పొర బయట నెత్తురు గడ్డ కట్టి ఉండాలి," అని చెప్పింది డాక్టరమ్మ వాళ్ళిద్దరికీ. "అది లోపల్నుంచి నొక్కేస్తోంది. దెబ్బ ఏమీ తగలక్కర్లేదు. కడుపుతో ఉన్నవాళ్ళకి ఎప్పుడో, ఎక్కడో ఒకరికి ఇలా దానంతటదే అవుతుంది. నేను పుస్తకంలో చదవడమే, చూడలేదు. పెద్దాసుపత్రిలో స్కాన్ తీసి చూడాలి. అదే అయితే వీపు తెరిచి గడ్డ తీసేయాలి. ఎంత త్వరగా తీస్తే కాళ్ళు అంత దక్కుతాయి."

"బిడ్డ?" అన్నాడు కొడుకు.

"ముప్పై నాలుగు వారాలు. ముందు ఆపరేషన్ చేసి బిడ్డని తీస్తారు. ఆ తరవాత అదే బల్ల మీద ఆమెని బోర్లా తిప్పి వీపు తెరుస్తారు. వెన్నులో మత్తు ఇవ్వకూడదు, పూర్తి మత్తే ఇస్తారు. స్కాన్ బిడ్డకి ప్రమాదం కాదు, అది ఎక్స్‌రే లాంటిది కాదు."

అంటూనే ఫోను కలిపింది. అవతల పెద్దాసుపత్రిలో వెన్ను ఆపరేషన్లు చేసే డాక్టరు. కాగితం చూస్తూ చెప్పింది. "పదిన్నరకి మొదలైంది సార్... అలాగే... ముందు అనుకున్న ఆపరేషన్ ఒకటి ఉందా? నాలుగింటికి అయితే మీరు ఖాళీనా... ఐదున్నర గంటలు అవుతుంది. సరే, పరవాలేదనుకుంటా."

పదిన్నర. ఫ్లోర్ మేడం ఫోన్లో చెప్పిన టైము అది. సిస్టర్ దాన్నే రాసుకుంది. ఆ కాగితం ప్రకారం స్కానరమ్మ తప్పు ఎక్కడా లేదు. కాలు ఆగిపోయింది, బండి ఎక్కించారు, తీసుకొచ్చారు. కోడలి సంచీ మంచం పక్క కుర్చీ మీద ఉంది. దాని మీద నీలం గీత, ఎనిమిదీ ఇరవై. స్కానరమ్మ సంచీని చేతిలోకి తీసుకుంది. బొటనవేలు గీత మీద పడింది. సుద్ద ఎంతలో పోతుందో ఆవిడకి తెలుసు. ఒక్క తుడుపు చాలు. ఎదురుగా కొడుకు భార్య చెయ్యి పట్టుకుని నిలబడి ఉన్నాడు. కోడలు మాత్రం కళ్ళు తెరిచి అత్తనే చూస్తోంది. ఆ పిల్ల చెప్పదు. చెప్పినా తనని నమ్మరని ఆ పిల్లకి పొద్దున్నుంచీ బాగా అర్థమైంది.

"పదిన్నర కాదు," అంది స్కానరమ్మ.

డాక్టరమ్మ ఫోను చెవి దగ్గరే పెట్టుకుని చూసింది.

"వీపులో పుటుక్కుమన్నది ఎనిమిదీ ఇరవైకి. గేటు దగ్గర. నేను చూస్తుండగానే. ఇదిగో, నేను వేసిన టైమే." సంచీ తిప్పి చూపించింది. "వేషాలేస్తోందనుకుని లోపలికి పంపాను. ఇక్కడికొచ్చాక సెలవు కోసం చేస్తోందని సిస్టరమ్మకి చెప్పిందీ నేనే."

కొడుకు తల తిప్పి తల్లిని చూశాడు. ఆవిడ ఆ చూపు తప్పించుకోలేదు.

"సార్," అంది డాక్టరమ్మ ఫోన్లో, గొంతు మారిపోయి, "ఎనిమిదీ ఇరవై. పదకొండూ ఇరవైకి తొడ దగ్గరున్నది పావుగంటలో తుంటికి వచ్చింది. నాలుగింటిదాకా ఆగలేం... అవును సార్. ఇప్పుడే బయలుదేరదీస్తున్నా. బల్ల ఖాళీగా ఉంచండి."

కోడల్ని అంబులెన్సు ఎక్కిస్తున్నప్పుడు స్కానరమ్మ డాక్టరమ్మ పక్కకి వెళ్ళి మెల్లగా అడిగింది. "నేను చేతులు పైకెత్తమన్నాను. అందువల్లా?"

"కాకపోవచ్చు," అంది డాక్టరమ్మ.

కాదు అనలేదు. ఆ తేడా స్కానరమ్మ చెవిని దాటిపోలేదు.

*

స్కానులో మెడకింద నుంచి నాలుగు ఎముకల పొడవునా గడ్డ కనపడింది. రెండింటికి లోపలికి తీసుకెళ్ళారు. మూడు కాకముందే బిడ్డ ఏడ్చిందని చెప్పారు. ఆడపిల్ల, రెండు కిలోలకి కొంచెం తక్కువ, వెచ్చటి పెట్టెలో పెట్టారు. ఆరింటికి వెన్ను డాక్టరు బయటికి వచ్చి, గడ్డ తీసేశామన్నాడు. కాళ్ళ సంగతి అడిగితే "చూద్దాం" అన్నాడు.

ఆ రోజునుంచి స్కానరమ్మకి అందరి మీదా అనుమానమే. చూద్దాం అన్న డాక్టరు తనకి తెలిసింది దాస్తున్నాడని అనుమానం. బాగుంది అమ్మా అంటున్న సిస్టర్లు తన వెనక ఏదో అనుకుంటున్నారని అనుమానం. కొడుకు తల్లితో అవసరమైన రెండు మాటలు మాత్రం మాట్లాడుతున్నాడు. మందులు తెచ్చాను, పాప దగ్గరికి వెళ్తున్నాను. మూడో మాట ఎప్పుడంటాడో, అది ఏమై ఉంటుందోనని ఆవిడ ఎదురుచూస్తోంది.

రెండో రోజు ఫిజియో అమ్మాయి వచ్చింది. కోడల్ని కళ్ళు మూసుకోమని, ఒక్కో కాలివేలు ముట్టుకుంటూ ఏ వేలో చెప్పమంది. ఐదింటికి మూడు సరిగ్గా చెప్పింది. కొడుకు మొహం విచ్చుకుంది. ఫిజియో అమ్మాయి కూడా సంతోషపడి రాసుకుంది. స్కానరమ్మ గోడకి ఆనుకుని చూస్తూ నిలబడింది. జవాబు ఒక్క క్షణం ఆలస్యంగా వస్తోంది. ఆ క్షణంలో కోడలి రెప్పలు అదురుతున్నాయి. ఇలాంటి రెప్పలు ఆవిడకి కొత్త కాదు.

అందరూ వెళ్ళాక మంచం చివర కూర్చుంది. "నేను కూడా చూస్తాను, కళ్ళు మూసుకో." కోడలు మూసుకుంది. స్కానరమ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, దేన్నీ ముట్టుకోకుండా అడిగింది.

"ఇప్పుడు?"

"బొటనవేలు," అంది కోడలు.

దొరికిపోయింది. గేటు దగ్గర ఇంకెవరైనా అయితే ఆవిడ తెర వెనకే గుడ్లురిమి ఉండేది. ఆ పిల్ల కళ్ళు మూసుకుని, పెదవుల మీద చిన్న నవ్వు పెట్టుకుని, ఔననే మాట కోసం ఎదురుచూస్తోంది.

"అవును," అంది స్కానరమ్మ. "బొటనవేలే."

ఇరవై రెండేళ్ళలో తెలిసి తెలిసి ఒకరిని వదిలేయడం అదే మొదటిసారి. వరండాలోకి వెళ్ళి, కొడుక్కి కనపడకుండా స్తంభం చాటున నిలబడి ఏడ్చింది.

నాలుగో రోజు పొద్దున, కోడలు నిద్రపోతుండగా, అలవాటు కొద్దీ అరికాలి మీద గీసింది. కాలు ముడుచుకుంది. మళ్ళీ గీసింది, మళ్ళీ ముడుచుకుంది. పరుగులాంటి నడకతో వెళ్ళి ఫిజియో అమ్మాయి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. ఆ అమ్మాయి తనూ గీసి చూసి, కోడల్ని లేపి అడిగింది. కోడలికి ఏమీ తెలియలేదు.

"ఇది లెక్కలోకి రాదు పెద్దమ్మా," అంది ఆ అమ్మాయి జాలిగా. "కాలు దానంతటదే ముడుచుకుంటుంది. వెన్నుపాము కింది భాగమే ఆ పని చేసేస్తుంది, పైకి కబురు పోకపోయినా. ఆమెకి తెలియాలి. అప్పుడే లెక్క."

అంటే పాదం కూడా అబద్ధం చెబుతుందన్నమాట. స్కానరమ్మ చాలాసేపు ఆ పాదాలనే చూస్తూ కూర్చుంది. ఇన్నేళ్ళూ దేన్ని చూసి ఎవరిని పట్టుకుందో, ఎవరిని వదిలిందో, ఒక్కొక్కటీ గుర్తొచ్చింది.

ఐదో రోజు కోడలే అడిగింది. కొడుకు పాప దగ్గరికి వెళ్ళాడు. గదిలో ఇద్దరే ఉన్నారు.

"గేటు దగ్గర నన్ను నమ్మలేదు కదా అత్తయ్యా."

"నమ్మలేదు."

"నా చెమట చూశారు. నేను చూశాను మీరు చూడటం."

"చూశాను."

"మరి?"

స్కానరమ్మ దుప్పటి అంచు సర్దింది. "వేరేవాళ్ళయితే కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చేదాన్ని. నువ్వు నా కోడలివి. వరసలో అందరూ చూస్తున్నారు. నవ్వారు కూడా. వాళ్ళ ముందు నా పరువు నిలబెట్టుకున్నాను. నీ కాళ్ళ మీద నిలబడి నిలబెట్టుకున్నాను." సర్దిన అంచునే మళ్ళీ సర్దింది. "నన్ను క్షమించమని అడగను. అడిగితే నువ్వు సరేనంటావు. అందుకని అడగను."

కోడలు మొహం అటు తిప్పుకుంది. సాయంత్రం, "నా సంచీ మీద గీత తుడిచేసి ఉండొచ్చు కదా మీరు," అంది గోడని చూస్తూ.

"వేలు పెట్టాను," అంది స్కానరమ్మ. "తుడవలేదు."

"చూశాను," అంది కోడలు.

*

తొమ్మిదో రోజు పాపని మొదటిసారి పెట్టెలోంచి తీసి తల్లి పక్కలో పెట్టారు. మంచాన్ని తలవైపు ఎత్తారు. కోడలు పాప నుదుటి మీద చెంప ఆనించుకుని కళ్ళు మూసుకుంది. కొడుకు కిటికీ దగ్గర నిలబడి వాళ్ళనే చూస్తున్నాడు. నిన్న ఫిజియో అమ్మాయి కుడికాలి మీద ఏదో కాస్త తేడా ఉందని చెప్పింది. ఏమిటో, ఎంతో తేల్చి చెప్పలేదు. చూద్దాం అంది. ఆ మాట ఆ అమ్మాయికి కూడా అంటుకుంది.

స్కానరమ్మ మంచం చివరికి వెళ్ళి దుప్పటి మడిచింది.

"చూడనా?"

"చూడండి," అంది కోడలు కళ్ళు తెరవకుండా.

రెండో వేలు పట్టుకుంది. కాస్త ఆగి, "రెండోది," అంది కోడలు. చిటికెన వేలు పట్టుకుంది. "చివరిది." మడమ మీద అరచెయ్యి వేసింది. "వేలు కాదు. కింద. మడమ అనుకుంటా."

కిటికీ దగ్గర కొడుకు ముందుకి వంగాడు. స్కానరమ్మ మాత్రం మొహంలో ఆశ కనపడనివ్వలేదు. మూడింటికి మూడు. రెప్పలు అదరలేదు. అయినా ఆ పిల్ల రెండో రోజు కూడా ఐదింటికి మూడు చెప్పింది. మంచి మనిషి, అందరినీ సంతోషపెట్టాలని చూస్తుంది. ఆశ పెట్టుకుని కింద పడటం కంటే ఇప్పుడే తెలుసుకోవడం నయం. ఆవిడ చూపుడు వేలిని బొటనవేలికి వెంట్రుకవాసి దూరంలో ఆపింది. ఆనించలేదు. ఊపిరి కూడా బిగబట్టింది.

"ఇప్పుడు?"

పాప చిన్నగా మూలిగింది. ఎక్కడో వరండాలో ట్రాలీ చక్రాలు కిర్రుమంటూ పోయాయి. స్కానరమ్మ వేలు ఇంకా గాల్లోనే ఉంది. ఏదో ఒక వేలు పేరు చెబుతుంది, చెబితే అవునందామా, ఈసారి కాదందామా అని ఆవిడ లోపల్లోపల నలిగిపోతోంది.

"చెప్పు, ఏ వేలు?"

"ఏం చెప్పమంటారు? మీరు ముట్టుకోలేదుగా." కోడలు ఒక కన్ను తెరిచింది. "దొంగ చెకింగు చేస్తున్నారు అత్తయ్యా."

కొడుకు తల్లివైపు చూశాడు. తొమ్మిది రోజుల తరవాత, మూడో మాట అన్నాడు. "దొరికిపోయావమ్మా."

స్కానరమ్మ లేచి నిలబడి, గేటు దగ్గర అందరిచేతా ఎత్తించినట్టే, తన రెండు చేతులూ పైకెత్తింది.